అతిపెద్ద అంకె ఏ పెట్టెలోది?

కావలోడు మళ్ళీ నా మీదే పడ్డాడు.

ఆఫీసులో అందరి ఫైళ్ళూ పచ్చగా ఉన్నాయి. నా ఒక్క ఫైల్లో, ఎప్పుడూ ఉండే చోటే, ఎర్రగీత. దాని కింద ఎప్పుడూ ఉండే మాటే: "ఈ షరతు ఎన్నటికీ నిజం కాదు. కింది భాగం పనికిరానిది. తీసెయ్యండి."

"నీ మొహం. తీసెయ్యను, ఏం చేసుకుంటావో చేసుకో," అన్నాను తెరతో.

పక్క బల్ల దగ్గర, నన్ను సొంత అక్కలా చూసే జోబిన్ కుర్చీ గిర్రున తిప్పాడు. "చేచ్చీ, ఈ శుక్రవారం కూడా పళంపొరి నీదేనా? ఇప్పుడే చెప్పేస్తే కింద మత్తాయి చేట్టన్ మంచి పళ్ళు ఏరి పెడతాడు."

మా ఆఫీసులో అదొక ఆనవాయితీ. వారం చివర ఎవరి ఫైల్లో ఎర్రగీత మిగిలితే వాళ్ళు అందరికీ పళంపొరి, అదే అరటిపండు బజ్జీలు, పాలు లేని కట్టన్ చాయ్ పెట్టాలి. ఓణం ముందునుంచీ పెడుతున్నది నేనే. నేను మెట్లు దిగుతుంటేనే కింద టీకొట్టు మత్తాయి చేట్టన్ పొయ్యి మీద నూనె పెట్టేస్తున్నాడు. ఆయనకి నేనంటే ఎంత గౌరవమో చెప్పలేను.

కావలోడంటే మనిషి కాదు. మేం రాసిన ప్రోగ్రామును నడపకుండానే, ఊరికే చదివి, ఇక్కడ తప్పుంది, అక్కడ పనికిరాని ముక్కుంది అని చెప్పే పరికరం. జోబిన్ ఒక్కడే కూర్చుని రాశాడు దాన్ని. పెట్టిన పేరు కావల్‌కారన్, మా నోళ్ళలో నలిగి కావలోడయ్యాడు. వాడిని ఒక్కమాట అంటే జోబిన్‌కి కన్నబిడ్డను గిల్లినట్టుంటుంది. నేనేమో రోజుకి పదిసార్లు గిల్లుతాను.

ఇంతకీ మేం చేసేది పడవ పందాలకి కాలం కొలిచే పెట్టె. జెట్టీలో ముగింపు గీత పక్కన గుంజకి బిగిస్తాం. పడవ ముక్కు గీత దాటిందంటే టక్కున కాలం పట్టుకుంటుంది. ఎండకీ ఉప్పునీళ్ళకీ ఆగాలని దాని లోపల పాతకాలపు బుల్లి యంత్రం పెట్టాం. మేం కూర్చుని రాసుకునే బల్లమీది కంప్యూటర్లు పెద్దవి. తిరకాసంతా ఇక్కడే ఉంది. ప్రతి యంత్రానికీ అది పట్టగలిగే అతిపెద్ద అంకె అని ఒకటుంటుంది. బల్లమీది దానికి అది పందొమ్మిది స్థానాల పొడుగు. పెట్టెలోని బుల్లిదానికి రెండువందల పద్నాలుగు కోట్ల చిల్లర, అంతే. అది దాటిందా, లెక్క తిరగబడి రుణసంఖ్య అయి కూర్చుంటుంది. ప్రోగ్రాములో మాత్రం రెంటికీ ఒకటే పేరు రాస్తాం, "అతిపెద్ద అంకె" అని. దాని విలువెంతో ప్రోగ్రాము నడిచే యంత్రాన్ని బట్టి ఉంటుంది.

పెట్టె కాలాన్ని సెకనులో పదిలక్షో వంతుల్లో లెక్కపెడుతుంది. ఆ లెక్కన బుల్లి యంత్రం స్విచ్చి వేసిన అరగంట దాటాక కాసేపటికే నిండిపోతుంది. అందుకని నేనొక షరతు రాశాను. అతిపెద్ద అంకె చిన్నదైతే సెకన్లు ఒక గదిలో, మిగిలిన తునకలు ఇంకో గదిలో విడిగా దాచు, పెద్దదైతే అంతా ఒకే గదిలో పొయ్యి. కావలోడు చదివేది బల్లమీది కంప్యూటర్లో కూర్చుని. "అతిపెద్ద అంకె" అన్న పేరు కనపడటం ఆలస్యం, తనింట్లో ఉన్న పందొమ్మిది స్థానాల విలువ అక్కడ పెట్టేసుకుంటాడు. ఇక అది చిన్నదెలా అవుతుంది? ఎన్నటికీ నిజం కాదు, తీసెయ్యండి అంటాడు.

"నీ కావలోడు తన ఇల్లే లోకం అనుకుంటున్నాడురా," అన్నాను జోబిన్‌తో.

"వాడు తప్పు చెప్పడు చేచ్చీ. ఆ యంత్రం మీద ఆ షరతు నిజం అవుతుందా, చెప్పు?"

"ఆ యంత్రం మీద అవదు. నేను రాసింది ఆ యంత్రానికి కాదు కదరా!"

"మరి వాడు చదివేది ఆ యంత్రం మీదే కదా."

ఇదీ వరస. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఇన్నాళ్ళూ ఇది పళంపొరితో పోయే గొడవే. ఆ గురువారం మధ్యాహ్నం మా యజమాని కురువిళ సారు గొడుగు దులుపుకుంటూ వచ్చి, కూర్చోకుండానే, "ఆదివారం పందేనికి పెట్టెలోకి ఎక్కించే ప్రోగ్రాములో ఒక్క ఎర్రగీత కూడా ఉండకూడదు. ప్రసీదా, ఆ ముక్క తీసెయ్. రేపు సాయంత్రానికి అయిపోవాలి," అన్నారు.

"సారే, అది తీసేస్తే రెండో పోటీకల్లా పెట్టె పిచ్చికూతలు కూస్తుంది."

"ఉంచితే పందెం కమిటీ వాళ్ళు ఎర్రగీత చూసి నన్ను కాల్వలో తోస్తారు. పరీక్షించామని పచ్చ కాగితం చూపిస్తానని మాటిచ్చాను."

మాటిచ్చింది సారు ఒక్కరే అయితే నాకు బాధే లేకపోయేది. సారు కాల్వలో పడితే ఈదుకుంటూ రాగలరు. అసలు మాటిచ్చింది మా పెదనాన్న, భార్గవన్ వల్యచ్చన్. నలభై ఏళ్ళుగా మా జెట్టీలో పందేనికి కాలం చూసేది ఆయనే. పోయినేడు ఆయన చేతిగడియారం ఒకటి చెప్పింది, అవతలి ఒడ్డువాళ్ళది ఇంకొకటి చెప్పింది. తెడ్లు నీళ్ళలోంచి లేచి తలల మీద పడ్డాయి. ఈ ఏడు పందెమే మానేద్దామన్నారు సగంమంది. అప్పుడు కమిటీలో ఆయన లేచి, "మా ప్రసీద చేసిన పెట్టె ఉంది. ఆ పెట్టె చెప్పిందే నా మాట. అది తప్పు చెప్పిననాడు ఈ జెట్టీలో నన్నెవరూ పలకరించక్కర్లేదు," అన్నాడట. నాకు ఒక్కమాట చెప్పలేదు! చెప్పి ఉంటే ఆపేదాన్ని. కమిటీ ఒప్పుకుంది. ఒక్క పడవ, ఒక్క గెలుపు అంటే తగువొస్తుందని ఈసారి కొత్త పద్ధతి కూడా పెట్టింది. ఒక్కో క్లబ్బుకి ఎప్పటిలాగే మూడు పడవలు. రెండుసార్లు కాదు, మూడుసార్లు పోటీ. అన్ని కాలాలూ కలిపితే ఎవరిది తక్కువైతే వాళ్ళకి కప్పు.

కాబట్టి ఆ ముక్క తీస్తే వల్యచ్చన్ మాట పోతుంది. తీయకపోతే పెట్టె అసలు పందేనికే పోదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సారే, రేపు పొద్దున మీరూ జోబిన్ ఇద్దరూ జెట్టీకి రండి. ఒరే జోబిన్, నీ కావలోడిని మూట కట్టుకురా. వాడిని పెట్టెలోనే కూర్చోబెట్టి చదివిద్దాం. తాడో పేడో తేలిపోతుంది."

జోబిన్ నవ్వాడు. "వాడు ఎక్కడ కూర్చున్నా నిజమే చెప్తాడు చేచ్చీ."

శుక్రవారం పొద్దున వాన తెరిపిచ్చింది. జెట్టీ షెడ్డులో వల్యచ్చన్ మాకంటే ముందే వచ్చి బెంచీ తుడిచి పెట్టాడు. కాల్వలో కుర్రాళ్ళు పాటపాడుతూ సాధన చేస్తున్నారు. జోబిన్ కావలోడిని బుల్లి యంత్రానికి సరిపడేట్టు మలిచి లోపలికి ఎక్కించాడు. ఆ పాత ప్రాణం అంత బరువు ఎప్పుడూ మోయలేదు పాపం. పెట్టె కాలిపోతోందని నేను అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాను. చాలాసేపటికి తెరమీద ఎర్రగీత పడింది. అదే చోట!

"చూశావా?" అని జోబిన్ లేచి చేతులెత్తాడు. "నేను చెప్పలేదా? ఎక్కడ కూర్చున్నా..."

"కింద ఏం రాశాడో చదవరా ముందు," అన్నాను.

చదివాడు. "ఈ షరతు ఎప్పుడూ నిజమే. రెండో భాగం పనికిరానిది. తీసెయ్యండి."

ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి.

కురువిళ సారు కళ్ళజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివారు. "అయితే బల్లమీదోడు మొదటి సగం తీసెయ్యమంటాడు. పెట్టెలోడు రెండో సగం తీసెయ్యమంటాడు. ఇద్దరి మాటా మన్నిస్తే ఇక ప్రోగ్రామే ఉండదు. ప్రోగ్రామే లేకపోతే తప్పే ఉండదు. భేషుగ్గా ఉంది. పదండి, భోజనానికి పోదాం."

నాకు నవ్వు ఆగలేదు. బెంచీ మీద కొట్టుకుంటూ నవ్వాను. జోబిన్ మొహం ముందు మాడిపోయింది, తరవాత వాడికీ నవ్వొచ్చేసింది. "నాకు కవలపిల్లలు పుట్టారు చేచ్చీ! ఇద్దరికిద్దరూ అబద్ధాలకోర్లే!"

వల్యచ్చన్‌కి ఏమీ అర్థంకాక మా మొహాలు మార్చిమార్చి చూస్తున్నాడు. చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి జోబిన్‌ని అడిగాడు. "పడవలో ఎంతమంది పడతారని నన్నడిగితే, ఏ పడవ అని అడుగుతాను కదా. మీవాడు తన పడవ చూసుకుని నా పడవకి జవాబు చెప్తున్నాడా?"

"సరిగ్గా అంతే వల్యచ్చా," అన్నాడు జోబిన్, తల గోక్కుంటూ.

అదీ వాడిలో నాకు నచ్చే గుణం. తప్పని తెలిసేదాకా కొండంత మొండి. తెలిశాక ఒక్క క్షణం ఆగడు. షెడ్డు చూరుకింద చాప పరిచి, బల్లమీది కంప్యూటరుకి తమ్ముడిలాంటి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టాడు. వల్యచ్చన్ ఇంటినుంచి అన్నమూ కరిమీన్ చేపల కూరా వస్తే ఎడంచేత్తో కీలు నొక్కుతూ కుడిచేత్తో తిన్నాడు. ఆ పేరు కనపడగానే విలువ పెట్టెయ్యడం మానిపించాడు. పేరును పేరుగానే ఉంచి, "ఇది చిన్నదైనా కావచ్చు, పెద్దదైనా కావచ్చు" అని కావలోడి చెవిలో వేశాడు. రెండు దారుల్లోనూ అబద్ధమైతేనే పనికిరానిదని చెప్పు. ఒక దారిలో నిజం, ఇంకో దారిలో అబద్ధమైతే నోరు మూసుకో. లెక్క నిండిపోయే చోటు మాత్రం ఏ ఒక్క దారిలో ఉన్నా అరిచి చెప్పు.

"ఆ చివరిది ఎందుకురా మళ్ళీ?" అన్నాను.

"ఎలాగూ రెండు కళ్ళూ పెట్టాను కదా, చూడనీ," అన్నాడు.

మూడింటికి మళ్ళీ చదివించాడు. ఎన్ని వారాలుగానో నా ప్రాణం తీస్తున్న ఎర్రగీత లేదు! నేను చీరకొంగు బిగించి షెడ్డులో ఒక చుట్టు చుట్టేశాను. కురువిళ సారు చప్పట్లు కొట్టారు. అంతలో జోబిన్, "చేచ్చీ," అన్నాడు. వాడి గొంతు నాకు నచ్చలేదు.

ఎర్రగీత ఇంకోటి. నా ఫైల్లోనే, చాలా కింద, క్లబ్బుల మొత్తం కాలాలు కూడే చోట. "ఈ కూడిక చిన్న యంత్రంలో అతిపెద్ద అంకెను దాటవచ్చు."

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే. "పగబట్టాడురా వీడు నామీద!" అని అరిచాను. "కూడికలో తప్పేమిటి? రెండూ రెండూ కూడటం కూడా వీడి దగ్గర నేర్చుకోవాలా? రెండు పోటీలకి ఎన్నిసార్లు సరిచూశానో నీకు తెలీదూ?"

"రెండు పోటీలకి చూశావు చేచ్చీ. ఈసారి మూడు," అన్నాడు జోబిన్ మెల్లిగా.

అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. పోయినేటి కాలాలన్నీ పెట్టెలోకి ఎక్కించి, మూడో పోటీకి మొదటి పోటీ కాలాలే మళ్ళీ కొట్టి, ఫలితం అడిగాను. పెట్టె క్షణంలో చెప్పేసింది.

మొదటి స్థానం: పుత్తన్‌చిర.

పుత్తన్‌చిర వాళ్ళ సంగతి మా వైపు పసిపిల్లల్ని అడిగినా చెప్తారు. వాళ్ళు పందేనికి వచ్చేది పాడటానికి, కల్లుకి, అందరితో సరదాకి. పడవ కడగా వచ్చినా వాళ్ళ పాటే ముందొస్తుంది. వాళ్ళ మొత్తం కాలం ఎదురుగా తెరమీద రుణసంఖ్య ఉంది, ముందు గీత పెట్టుకుని. మిగతా క్లబ్బులు చురుగ్గా వస్తాయి కాబట్టి వాళ్ళ మొత్తాలు హద్దుకి ఇవతలే ఆగాయి. పుత్తన్‌చిర ఒక్కటే నింపాదిగా వచ్చి వచ్చి, హద్దు దాటి, లెక్క తిరగబడి, బయలుదేరకముందే చేరిపోయినట్టు తేలింది. అందరికంటే తక్కువ కాలం కాబట్టి కప్పు వాళ్ళదే!

ముందు నవ్వింది వల్యచ్చన్. పొట్ట పట్టుకుని నవ్వాడు. "దాసప్పన్‌కి కప్పిస్తే వాడు గుండాగి పోతాడు!" అన్నాడు. దాసప్పన్ పుత్తన్‌చిర పడవకి చుక్కాని పడతాడు. తరవాత నవ్వు ఆగింది. తెర వంకే చూస్తూ, "ఇది ఆదివారం జరిగి ఉంటే, మోళే, నా తల్లీ..." అని ఆపేశాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆదివారం రెండు ఒడ్ల జనం ముందు ఆ పేరు వచ్చి ఉంటే మళ్ళీ తెడ్లు లేచేవి. ఈసారి అందరి వేళ్ళూ ఈయనవైపు చూపేవి. నా ఒక్క షరతు కోసం ఇన్నాళ్ళూ కత్తులు నూరాను. అసలు గుంట నేనే తవ్వి, దాని పక్కనే కూర్చుని కావలోడిని తిట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"వల్యచ్చా, ఇప్పటికైనా కమిటీకి చెప్పి చేతిగడియారాలే..." అన్నాను.

"ఎందుకు? పందెం ఎల్లుండి కదా. సరిచెయ్యి," అన్నాడు, అన్నం పెట్టమన్నంత మామూలుగా.

సరిచేశాను. మొత్తాన్ని కూడా రెండు గదుల్లోనే కూడాను, సెకన్లు ఒకచోట, తునకలు ఒకచోట. కావలోడు రెండు కళ్ళతోనూ చదివి మెదలకుండా ఊరుకున్నాడు. పోయినేటి కాలాలతో మళ్ళీ నడిపితే పుత్తన్‌చిర నిక్షేపంగా కడకి దిగింది. అయినా నమ్మకం చాలక జోబిన్ పిచ్చిపిచ్చి కాలాలన్నీ కనిపెట్టి కొట్టాడు. ఒక పడవ మునిగినట్టు, ఇంకొకటి మధ్యలో చేపలు పట్టుకున్నట్టు. దేనికీ తొణకలేదు. సారు పచ్చ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఆ కావలోడికి ఏదైనా కొనిపెట్టాలయ్యా," అన్నారు.

ఆదివారం కాల్వ రెండు వైపులా ఇసక వేస్తే రాలనంత జనం. పెట్టె పక్కన నేనూ, నా పక్కన జోబిన్. మొదటి పోటీ సాఫీగా అయిపోయింది. రెండో పోటీ మధ్యలో అరగంట హద్దు దాటింది. నేను గోళ్ళు కొరుకుతున్నాను. పెట్టె కిక్కురుమనలేదు. మూడో పోటీలో మా ఒడ్డు తెక్కెక్కర వాళ్ళు ముక్కు తేడాతో గీత దాటారు. అవతలి ఒడ్డు వడక్కెక్కర వాళ్ళు వెంటనే. ఆ తరవాత చాలాసేపటికి పాట వినపడింది, దాని వెనకాల పుత్తన్‌చిర వచ్చింది.

మొత్తాలు తెరమీదికి రావాలి. జోబిన్ నా మణికట్టు పట్టుకున్నాడు.

మొదటి స్థానం తెక్కెక్కర. రెండు వడక్కెక్కర. వరసగా అందరూ, చిట్టచివర పుత్తన్‌చిర, వాళ్ళ మొత్తం ముందు ఏ గీతా లేకుండా. నేనూ జోబిన్ ఒకరినొకరు పట్టుకుని గెంతాం. పుత్తన్‌చిర కడగా వచ్చిందని అంత సంతోషించినవాళ్ళు లోకంలో మేమిద్దరమే అయి ఉంటాం. ఫలితం చదివారు. వడక్కెక్కర వాళ్ళు పెట్టె దగ్గరికి వచ్చి తెర చూసి, అంకెలు చదువుకుని, "రెండు సెకన్లురా, ఛ!" అని తమలో తాము తిట్టుకుంటూ పోయారు. ఒక్క తెడ్డు లేవలేదు. దాసప్పన్ వచ్చి మరీ చూసుకుని, "ఇంత వివరంగా ఓడిపోవడం ఇదే మొదలు చేచ్చీ," అని పొంగిపోయాడు.

ఫలితం మీద కాలం చూసేవాడి సంతకం పడాలి. వల్యచ్చన్ బల్ల దగ్గర లేడు. మొదటి పోటీనుంచీ లేడట. నాకు కంగారెత్తింది. ఒకవేళ భయపడి ఇంటికి పోయాడా అనుకుంటూ జనాన్ని తోసుకుంటూ ఒడ్డెమ్మట పరిగెత్తాను.

మలుపు దగ్గర కనపడ్డాడు. పంచె పైకి కట్టి, మోకాలిదాకా బురదలో, పుత్తన్‌చిర ఆడవాళ్ళ మధ్య. అరిచి అరిచి గొంతు పోయింది.

"వల్యచ్చా! ఇక్కడేం చేస్తున్నావ్? ఫలితం వచ్చింది, సంతకం పెట్టాలి!"

"నీ పెట్టె చూసుకుందిగా," అన్నాడు బొంగురు గొంతుతో, నావైపు తిరగకుండానే. ఆడవాళ్ళ పందేనికి పడవలు దిగుతున్నాయి, కళ్ళు అటే ఉన్నాయి. "నలభై ఏళ్ళూ గడియారం ముల్లూ ముగింపు గీతా తప్ప ఏమీ చూడలేదు మోళే. తెడ్లన్నీ ఒక్కసారి పైకి లేస్తే నీళ్ళు ఇలా మెరుస్తాయని నాకెవరూ చెప్పలేదేం?"

నేను జవాబు చెప్పేలోపే పడవలు కదిలాయి. ఆయన నా చెయ్యి పట్టుకుని బురదలోకి లాగాడు, ఇద్దరం కలిసి అరిచాం.